ఆ కణాలు బిక్షపతికి ఏమవుతాయి

మా బావమరిది ఒంట్లోంచి తీసిన కణాలకు ఆ ఆసుపత్రిలో జరిగిన మర్యాద మా బావమరిదికి జరగలేదు. ఇది ఫిర్యాదు కాదు, జరిగిన సంగతి. కణాలు ఏసీ గదిలో ఉన్నాయి. మనిషి సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డులో ఉన్నాడు. కాదనేవాళ్ళెవరైనా ఉంటే, వైశాఖంలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆ రేకుల కింద ఒక గంట పడుకుని వచ్చి నాతో మాట్లాడాలి.

బావమరిది పేరు బిక్షపతి. కల్లు గీస్తాడు. మా ఆవిడకు తమ్ముడు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. పట్నంలో ఇంకో ఆసుపత్రిలో పోయింది. అక్కడ ఆమెకు నంబరు ఇచ్చారు, మంచం ఇవ్వలేదు. పోయేముందు తమ్ముణ్ణి చూసుకొమ్మంది. నేను సరేననలేదు. అన్నాననుకుని పోయింది.

మాఘంలో ఒక పొద్దున బిక్షపతి తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుముకూ చెట్టుకూ చుట్టే మోకు తెగలేదు, జారింది. నేనూ ముప్పై ఏళ్ళు చెట్లెక్కినవాణ్ణే. మోకు తెగితే మోకును తిట్టుకోవచ్చు. జారితే తిట్టడానికి ఎవరూ ఉండరు. నడుము దగ్గర వెన్ను దెబ్బతింది. ఆపరేషన్ చేసి ఇనుప కడ్డీలు వేశారు. కాళ్ళు మాత్రం ఎవరివో తెచ్చి అతికించినట్టు పడి ఉన్నాయి. మూత్రానికి పైపు, పైపుకు సంచి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండవుతుంది.

ఆ ఏడు అందరి నోటా కణాల మాటే. మనిషి ఎముకలో ఉన్న మూలుగలోంచి కణాలు తీసి, వాటిని గాజు గిన్నెల్లో పెంచి, తిరిగి ఆ మనిషి వెన్నులోకే ఎక్కిస్తారట. అందుకోసం పట్నంలో పునరుజ్జీవన సంస్థ అని ఒకటి కట్టారు. ‘మీ కణమే మీ వైద్యుడు’ అని గేటు మీద పెద్ద అక్షరాలతో రాశారు. లోపల వైద్యుల కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఆ బోర్డు చదివాక అర్థమైంది.

ఉన్న కొద్దిమందిలో డాక్టర్ ఫర్హానా ఒకరు. ముప్పై ఏళ్ళుంటాయి. మాటలో నూనె లేదు. అదే నాకు నచ్చింది. ఇది ఇంకా పరీక్ష దశలో ఉన్న వైద్యమని, చాలామందికి ఏమీ రాలేదని, కొందరికి కాస్త స్పర్శ వచ్చిందని చెప్పింది.

“నడుస్తడని నేను చెప్పను. ఎవరన్నా చెప్తే నమ్మకుండ్రి,” అంది.

బిక్షపతి ఆమెవైపు కాక పక్కన వేలాడుతున్న సంచివైపు చూశాడు. “చెట్టెక్కుతనని నేనెక్కడ అడిగిన డాక్టరమ్మా. ఒంటికి పోయేది నాకు తెలిస్తే సాలు. ఇది పీకేస్తే సాలు.”

ఆయనకు కావలసింది అంతే. ఆమె ఒప్పుకుని వార్డులో మంచం ఇప్పించింది. తుంటి ఎముకలోంచి మూలుగ తీసింది. ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు లోపల ఎక్కించాలని, ఆ తర్వాత ఈ కణాలు పనికిరావని, రెండోసారి తీయడానికి ఈ పరీక్షలో అనుమతి లేదని చెప్పింది. నేను రాత్రుళ్ళు పడుకునే ఆ రేకుల షెడ్డు గోడ మీద బొగ్గుతో గీతలు గీయడం మొదలుపెట్టాను.

రెండో గీత నాడే సంస్థ పరిపాలనాధికారి వామనరావు మమ్మల్ని పిలిపించాడు. ఆయన మనిషితో మాట్లాడినా ఉత్తరం చదివినట్టే ఉంటుంది. విషయం ఏమిటంటే, సంస్థలో చుక్క మందు ఖర్చు పెట్టాలన్నా దానికి ఒక ఇన్‌పేషెంటు నంబరు ఉండాలి. కణాలకు రోజూ మేత కావాలి, గాలి కావాలి, గిన్నెలు మార్చాలి. నంబరు లేనివాటికి అవి ఇవ్వరు. కనుక కణాలను ఇన్‌పేషెంటుగా చేర్చుకున్నారు. కాని ఒక ఆధారు మీద కంప్యూటరు ఒకే నంబరు ఇస్తుంది.

“సదరు వ్యక్తి యొక్క కణములు సంస్థ యందు చికిత్స పొందుచున్నవి. కావున సదరు వ్యక్తి సంస్థ యందే యున్నట్లు భావించవలెను. ఒకే వ్యక్తి రెండు మంచములపై ఉండుటకు నిబంధనలు అంగీకరించవు,” అన్నాడు వామనరావు.

మంచం మీద ఉన్నవాణ్ణి కదా తీసేస్తున్నారు అన్నాను. మంచం మీద ఎవరున్నారన్నది వార్డు సంగతి, రికార్డులో ఎవరున్నారన్నది సంస్థ సంగతి అన్నాడు. ఈ ఇద్దరిలో బిక్షపతి ఎవరు సార్ అని అడిగాను. నంబరు ఎవరిదైతే వాడు అన్నాడు.

అలా బిక్షపతిని ఇంటికి పంపేశారు, బిక్షపతి లోపలే ఉన్నాడు. ఊరు పోయి రావాలంటే నూటముప్పై కిలోమీటర్లు. కనుక మేం షెడ్డులో దిగాం.

బిక్షపతి భార్య కనకవ్వకు అటెండెంటు పాసు ఇచ్చారు. అది కణాలకు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా అద్దాల గది ముందు బెంచీ మీద ఆమె కూర్చోవాలి. లేచి వస్తే మైకులో పిలుస్తారు. లోపల ఫ్రిజ్జంత ఇనుప బీరువా, దానికొక గుండ్రటి అద్దం. అందులో ఆమె మొగుడు. బయట రేకుల కింద కూడా ఆమె మొగుడే. ఆయన్ను పక్కకు తిప్పే పని నా మీద పడింది. కనకవ్వ రోజంతా బెంచీ మీద కూర్చుని పాలకు తోడు వేసినదానిలా బీరువాను చూస్తూ ఉండేది.

నంబరుకు ఆహారం కూడా ఉంది. రోజూ రెండు గుడ్లు, గ్లాసు పాలు, బ్రెడ్డు. బండి వచ్చి అద్దం ముందు ఆగేది. కనకవ్వ ఆ గుడ్లు కొంగులో పెట్టుకుని వచ్చి మొగుడికి పెట్టేది. నాలుగో రోజు మెమో వచ్చింది. ఇన్‌పేషెంటు ఆహారమును సంస్థకు సంబంధము లేని బయటి వ్యక్తి భుజించుచున్నట్లు పరిశీలనకు వచ్చినదట. ఆ తర్వాత పళ్ళెం బీరువా ముందు అరగంట ఉంచి, తినకపోతే తీసుకెళ్ళేవారు. ‘ఆకలి లేదు’ అని చీటీలో రాసేవారు.

ఆకలి లేకపోయినా ఆ రోగి ఎదుగుదలకు లోటు లేదు. పెద్ద డాక్టర్లు రోజూ పది గంటలకు వచ్చి అద్దం ముందు నిలబడి సంతోషించేవారు. తొమ్మిదో గీత నాటికి మా బావమరిది కోటిన్నర అయ్యాడు. పదకొండో గీతకు రెండు కోట్లు దాటాడు. అంత త్వరగా కోలుకున్న రోగి సంస్థ పుట్టాక లేడని నోటీసు బోర్డులో పెట్టారు.

పన్నెండో నాడు ఊరి నుంచి పలకరింపుకు వచ్చారు. ఒక ట్రాలీ ఆటోలో పద్నాలుగు మంది, ఒక్కొక్కరి చేతిలో బ్రెడ్డు పాకెట్టు, బత్తాయిలు. గేటు దగ్గర పేషెంటు పేరు చెప్పమన్నారు. చెప్పారు. మధ్యాహ్నం ఒకటి నుంచి రెండు దాకా పలకరింపు సమయమని, పాసులిచ్చి అద్దాల గదికి పంపారు. నేను అప్పుడు షెడ్డులో బిక్షపతిని తిప్పుతున్నాను. కనకవ్వ చెప్పబోతే గార్డు మాట్లాడొద్దన్నాడు.

బిక్షపతి మేనత్త పోశవ్వకు డెబ్బై అయిదేళ్ళు. గుండ్రటి అద్దంలోంచి చాలాసేపు చూసింది. ఇంత చలిలో పడుకోబెట్టారు, కప్పుకోను ఏమన్నా ఇచ్చారా అని నర్సును అడిగింది. గిన్నె అడుగున అంటుకున్న తెల్లటి మరకను చూసి, ఇంత సన్నబడ్డాడేమిటని కొంగు నోట్లో కుక్కుకుంది. వెనకనున్నవాళ్ళు తోస్తున్నా కదల్లేదు. చివరకు బత్తాయిలు బీరువా మీద పెట్టి, దానికి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుని వచ్చేసింది. మిగతా పదముగ్గురూ అలాగే చేశారు. పెద్దది ఏం చేస్తే అది.

తిరిగి పోతూ షెడ్డు ముందు నుంచి వెళ్ళారు. బిక్షపతి పడుకునే పిలిచాడు. “అత్తా, గట్లనే పోతున్నవేంది?”

పోశవ్వ ఆగి లోపలికి తొంగి చూసింది. “నిన్ను లోపట చూసొచ్చినం కొడుకా. మంచిగనే ఉన్నవ్. బాధపడకు,” అంది. ఆటో పోతోందని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బిక్షపతి నన్ను అడిగాడు. “బావా, అందరికీ ఆడనే మంచిగ కనవడుతున్న. నేనే అటు పోతే?” ఆ మాటలో తప్పు వెతుకుతూ ఆయన్ను రెండో పక్కకు తిప్పాను. తప్పేమీ దొరకలేదు.

పదమూడో నాడు డాక్టర్ ఫర్హానా కణాలు ఎక్కించడానికి దరఖాస్తు పెట్టింది. వామనరావు దాన్ని రెండు రోజులు చదివాడు. ఇన్‌పేషెంటులోంచి తీసి, ఇన్‌పేషెంటు కాని వ్యక్తికి ఎక్కిస్తామంటున్నారు. ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాడు ఒకడు. ఇది దానం. అవయవదానానికి ఉన్న నిబంధనలన్నీ దీనికీ వర్తిస్తాయి.

“దాత గ్రహీతకు సమీప బంధువై యుండవలెను. బంధుత్వమును తహసీల్దారు ధ్రువీకరించవలెను,” అన్నాడు. “ఆ కణములు మీకు ఏమగును?”

“నావే సారూ,” అన్నాడు చక్రాల కుర్చీలోంచి బిక్షపతి.

“అది యాజమాన్యము. నేను బంధుత్వము అడుగుచున్నాను.”

బిక్షపతిని తిప్పే పని సైకిల్ స్టాండు కుర్రాడికి అప్పగించి, నేను బస్సెక్కి మండలాఫీసుకు పోయాను. ఎమ్మార్వో తన కింద పనిచేసే రెవెన్యూ అధికారి గిర్దావర్‌ను విచారణకు పంపాడు. గిర్దావర్ చెడ్డవాడు కాదు. కల్లుగీసే మా గౌండ్ల సంఘం ముందు కుర్చీ వేసుకుని పంచనామా రాశాడు. సెల్లు తీసి చూపించాడు. అందులో తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, అన్న, తమ్ముడు, అక్క, చెల్లె, భార్య, భర్త అని వరస ఉంది. వాటిలో ఒకటి నొక్కకపోతే ముందుకు పోదట. ‘తానే’ అనేది లేదా అని అడిగాను. తనకు తాను బంధువని ఇంతవరకు ఎవరూ రాలేదన్నాడు.

సంఘం కాసేపు వాదించుకుంది. చివరకు ఒక పెద్దాయన తేల్చాడు. ఆయన ఒంట్లోంచి పుట్టినవి కాబట్టి బిడ్డలే. అందరికీ అది న్యాయంగానే తోచింది. గిర్దావర్ ‘కొడుకు’ నొక్కి, సంఖ్య రెండు కోట్లు అని రాసి, తల్లి పేరు అడిగాడు. పోశవ్వ, కనకవ్వకు తెలుసా అని మెల్లగా నన్ను అడిగింది.

పదహారో నాడు ఆ కాగితం పట్టుకుపోతే వామనరావు కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు. దాత వయస్సు, భర్తీ తేదీ నుంచి, పద్నాలుగు దినములు. మైనరు. మైనర్ల నుంచి దానం నిషిద్ధం. పద్దెనిమిదేళ్ళు నిండాక తిరిగి దరఖాస్తు చేసుకోవచ్చని రాశాడు. అప్పటికి మీరు రిటైరై ఉంటారు కదా సార్ అన్నాను. ఫైలు ఉంటుంది, తన తర్వాత వచ్చేవారు చూస్తారని ధైర్యం చెప్పాడు.

నేను మళ్ళీ బస్సెక్కాను. ఈసారి గిర్దావర్, సంఘం కలిసి తమ్ముడని తీర్మానించారు. కవల తమ్ముడు. పుట్టిన తేదీ అన్న బిక్షపతిదే. నలభై ఒక్కేళ్ళు. పెళ్ళి కాలేదు. పద్దెనిమిదో నాడు గుండ్రటి ముద్రతో ‘తమ్ముడు’ అని కాగితం వచ్చింది. వామనరావు దానికి వంక పెట్టలేకపోయాడు. తమ్ముడు ఇష్టపూర్వకంగా ఇస్తున్నాడో లేదో మానసిక వైద్యుడు పరీక్షించాలని మాత్రం రాశాడు. మానసిక వైద్యుడు వచ్చి బీరువా ముందు కుర్చీ వేసుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. ‘ప్రశ్నలకు సమాధానము లేదు. అభ్యంతరమును వ్యక్తపరచలేదు. ప్రశాంతముగా యున్నాడు’ అని రాసి పోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు. చూసిందే రాశాడు.

ఇరవై ఒకటో నాడు పొద్దున పదకొండుకు అనుమతులిచ్చే సంస్థ కమిటీ కూర్చుంది. మాది తొమ్మిదో అంశం. మొదటి అంశం సంస్థ సాధించిన ప్రగతికి అభినందన. రెండో అంశం సంస్థ చిహ్నంలో కణం గుండ్రంగా ఉండాలా, కోడిగుడ్డులా ఉండాలా అన్నది. ఒంటిగంటకు గుడ్డు నెగ్గింది. భోజన విరామం ప్రకటించారు. మిగిలిన అంశాలు వచ్చే నెల సమావేశానికి అని తలుపు మీద కాగితం అంటించారు.

డాక్టర్ ఫర్హానా షెడ్డుకు వచ్చింది. ముఖం కడుక్కుని వచ్చినట్టుంది. బిక్షపతివైపు చూడలేదు. గోడ మీద నా గీతలు చూసింది.

“ఒకటి నుంచి రెండు దాకా పలకరింపు టైము. పేషెంటుకు సొంతవాళ్ళెవరన్నా పోయి చూసి రావచ్చు. నేను భోజనానికి పోతున్న,” అంది. వెళ్ళిపోయింది.

ఇంత చిన్న మాట అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. బిక్షపతికి పట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టు బావా అన్నాడు.

గేటు దగ్గర గార్డు చక్రాల కుర్చీని ఆపాడు. పేషెంటుకు ఏమైతవ్ అని అడిగాడు. బిక్షపతి ముద్ర కాగితం చూపించి, “అన్నను,” అన్నాడు.

గార్డు కాగితం చదివి జాలిపడ్డాడు. “తమ్ముని పానం ఎట్లున్నది?”

“నాకంటే మంచిగున్నడు.”

పాసు ఇచ్చాడు. నేను కుర్చీని అద్దాల గది దాకా తోసి, కనకవ్వను బెంచీ మీదే ఉండమని చెప్పి, నీళ్ళు తాగడానికి పోయాను. నీళ్ళు తాగడానికి నాకు నలభై అయిదు నిమిషాలు పట్టింది. వయసు. ఆ సమయంలో డాక్టర్ ఫర్హానా క్యాంటీన్‌లో భోజనం చేస్తున్నట్టు అక్కడి పుస్తకంలో సంతకం ఉంది. రెండు గంటలకు అయిదు నిమిషాలు తక్కువగా, పలకరింపుకు వచ్చిన అన్న ఒక్కడే బయటకు వెళ్ళినట్టు గేటు పుస్తకంలో ఉంది. ఈ రెండు పుస్తకాలూ సంస్థవే.

మూడు గంటలకు బీరువా తెరిచి చూస్తే గిన్నెలు ఖాళీ. పేషెంటు లేడు.

ఖాళీ గిన్నెకు సంస్థలో నియమం లేదు. చెప్పకుండా పోయిన ఇన్‌పేషెంటుకు ఉంది. పరారీ. వామనరావు ఆసుపత్రి పోలీసు అవుట్‌పోస్టులో ఫిర్యాదు రాసిచ్చాడు. హెడ్‌కానిస్టేబుల్ ఆనవాళ్ళు అడిగాడు. ఎత్తు లేదు, రంగు లేదు, పుట్టుమచ్చలు తెలియవు, పోయేటప్పుడు ఒంటి మీద బట్టలు లేవు. ఎంతమంది అని అడిగితే రెండు కోట్ల ఎనభై లక్షలు అన్నాడు వామనరావు. హెడ్‌కానిస్టేబుల్ కలం కింద పెట్టాడు. అంతమంది ఒకేసారి గేటు దాటుతుంటే మీ గార్డు ఏం చేస్తున్నాడని అడిగాడు. వామనరావు ఆ ప్రశ్నను లిఖితపూర్వకంగా పంపమన్నాడు.

మేం ఆ సాయంత్రమే ఊరికి వచ్చేశాం. మమ్మల్ని ఎవరూ ఆపలేదు. పేషెంటు కానివాణ్ణి ఆపే నియమం కూడా లేదు.

రెండు నెలల తర్వాత విచారణ సంఘం జీపు మా ఊరికి వచ్చింది. వామనరావు, నరాల వైద్యుడొకాయన, సాక్ష్యానికి గిర్దావర్. వెనక సీట్లో డాక్టర్ ఫర్హానా. పరారీ అయిన తమ్ముణ్ణి అన్న తన ఒంట్లో దాచినట్టు సంస్థకు అనుమానమట. అనుమానం తీర్చుకోవడానికి వైద్యుడు కాలు పరీక్షిస్తాడు. కాలు కదిలితే తమ్ముడు లోపల ఉన్నట్టు.

“కదిలినచో అది సంస్థ విజయము. పత్రికలకు తెలుపవలెను,” అని వామనరావు మా గౌండ్ల సంఘం పెద్దలకు వివరించాడు. “కదిలినచో అనుమతి లేని చికిత్స. డాక్టరుగారి పట్టా రద్దుకు సిఫారసు చేయవలెను. రోగిని స్వాధీనపరచుకొని తిరిగి భర్తీ చేయవలెను. మూడింటికిని ఒకే నివేదిక చాలును.”

కదలకపోతే అని అడిగాను. కదలకపోతే ఏమీ జరగనట్టు అన్నాడు.

మంచం వాకిట్లో వేశారు. ఊరంతా చుట్టూ నిలబడింది. మంచం కోడుకు సంచి లేదు, పైపు లేదు. అవెక్కడని వైద్యుడు అడిగాడు. కడిగి ఎండేశానని కనకవ్వ చెప్పింది. దండెం మీద చూపించింది. అవి అప్పటికి పది రోజులుగా ఎండుతున్నాయి. ఆ మాట ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

వైద్యుడు జేబులోంచి తాళంచెవి తీశాడు. అరికాలు మీద మడమ నుంచి వేళ్ళ దాకా గీశాడు. తెలుస్తోందా అన్నాడు.

“ఏంది సారూ?” అన్నాడు బిక్షపతి. ఆకాశంలోకి చూస్తూ అన్నాడు. ముప్పై అడుగుల ఎత్తున తాటిగెల గీసేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టే ఉంది ముఖం.

మళ్ళీ గీశాడు. డాక్టర్ ఫర్హానా జీపు దిగలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది. వైద్యుడికి పొద్దు ఎదురు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తనకు స్పష్టంగా కనిపించలేదన్నాడు. కాలివేపు కూర్చున్నది నేను.

వామనరావు కాగితం నా ముందుకు జరిపాడు. “ప్రత్యక్ష సాక్షి కాలమ్ ఉన్నది. బొటనవేలు కదిలినదా, లేదా? అవును అనియో కాదు అనియో వ్రాయవలెను.”

చూపు ఆనదు అన్నాను. అద్దాలు పెట్టుకొమ్మన్నాడు. పెట్టుకున్నాను. మరోసారి గీయించాడు. నేను వంగి చూశాను. జానెడు దూరంలోంచి చూశాను. అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

కాలమ్‌లో నా పేరు రాశాను. నేను అయిదో తరగతి దాకా చదివాను, పేరు బాగా రాస్తాను. ఆ పక్కన గడి ఖాళీగా వదిలేశాను. వామనరావు నాలుగుసార్లు అడిగాడు. గడి ఖాళీగా ఉంటే నివేదిక పోదన్నాడు. జీపు చీకటి పడకముందే వెళ్ళిపోయింది. నివేదిక ఇప్పటికీ పోలేదు.

పోశవ్వ అడిగింది. సంఘం అడిగింది. గిర్దావర్ ఒకసారి ఒంటరిగా వచ్చి, కాగితం కోసం కాదు, ఊరికే చెప్పమన్నాడు. ఎవరికీ చెప్పలేదు. బిక్షపతి అడగలేదు, ఆయనకు అవసరం లేదు. ఇప్పుడు మీరు అడగబోతున్నారు. అడగకండి. ఆ వేలు గురించి నేను ఈ జన్మలో మళ్ళీ నోరు తెరవను.